వానలు పట్టకముందే: ఇంజిన్ బ్లాక్ మీది తుప్పులో ఏది వదిలేయాలి, ఏది వదలకూడదు

కొత్త కారు కొన్న కొన్ని నెలలకే బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ బ్లాక్, అంటే సిలిండర్లుండే పెద్ద పోత దిమ్మ, ఇటుక రంగులోకి తిరిగి ఉంటుంది. ఇక టెన్షన్ మొదలు. ఎక్కడో వానలో నానిన బండిని అంటగట్టారేమోనని అనుమానం. నిజానికి రంగు వేయని పోత ఇనుము బ్లాక్ ఆ రంగుకు తిరగడం మామూలే. ఇనుము, నీరు, గాలి ఒకచోట కలిస్తే జరిగేది అదే. చాలా కంపెనీలు బ్లాక్‌ను అలాగే వదిలేస్తాయి, ఎందుకంటే వాటికి లెక్క తెలుసు.

ఆ లెక్క మనమూ వేసుకోవచ్చు. బ్లాక్ గోడ మందం సాధారణంగా నాలుగైదు మిల్లీమీటర్లు, పాత ఇంజిన్లలో ఇంకా ఎక్కువ. ఓ మోస్తరు వాతావరణంలో ఆరుబయట పడేసిన మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో పోగొట్టుకునేది 25 నుంచి 50 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటదు. తర్వాతి ఏళ్లలో ఆ వేగం ఇంకా తగ్గుతుంది. బానెట్ కింద నేరుగా వాన పడదు, ఇంజిన్ వేడి తడిని ఆరబెడుతూ ఉంటుంది, అక్కడక్కడా నూనె జిడ్డు కాపలా కాస్తుంది. పైతుప్పు బ్లాక్‌ను తినేసేలోపు మిగతా కారే మిగలదు.

మరి జాగ్రత్తలు ఎందుకంటే, బ్లాక్‌కు కాదు, దాని చుట్టుపక్కల వాటికి. పల్చటి రేకుతో చేసిన ఆయిల్ చాంబర్, బ్లాక్ పక్కన నీళ్ల దారుల రంధ్రాలను మూస్తూ నాణెంలా కనిపించే కోర్ ప్లగ్‌లు, ఇంజిన్‌ను బ్యాటరీ నెగటివ్‌కు కలిపే ఎర్త్ తీగ బోల్టు, పొగ గొట్టం మొదలయ్యే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను బిగించే స్టడ్‌లు. వానాకాలం వీటి మీదే దెబ్బ కొడుతుంది. పైగా తుప్పు చూసి కంగారుపడి చేసే పనుల వల్ల, తుప్పు వల్ల కన్నా ఎక్కువ నష్టం జరగడం చాలాసార్లు చూశాను.

ముందు టార్చి, తర్వాతే బ్రష్

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పగటిపూటే అయినా సరే, టార్చి పట్టుకుని చూడండి. బ్లాక్ అంతా ఒకే రీతిలో గోధుమ రంగులో, చేత్తో రాస్తే కాస్త రజను అంటుకునేలా ఉంటే దాన్ని వదిలేయండి. చూడాల్సింది చారలు. ఒక చోట మొదలై కిందికి జారిన గీత కనిపిస్తే అది తుప్పు కథ కాదు, లీకేజీ కథ. కోర్ ప్లగ్ అంచు నుంచి తెల్లటి, పచ్చటి లేదా గులాబీ రంగు పొడి పేరుకుని, దాని కింద తుప్పు చార దిగిందంటే అక్కడ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతూ ఆరిపోతోందన్నమాట. వాటర్ పంప్ కింద ఉండే చిన్న రంధ్రం దగ్గరా, బ్లాక్ పైన కూర్చునే హెడ్, బ్లాక్ కలిసే గీత వెంటా ఇలాగే చూడాలి. అనుమానం ఉన్న చోట తుడిచి, రెండు మూడు రోజులు బండి తిప్పి మళ్లీ చూడండి. చార తిరిగి వస్తే మెకానిక్‌కు చూపించాల్సిందే. దాని మీద రంగు కొట్టి మూసేస్తే మీ కళ్లకు మీరే గంతలు కట్టుకున్నట్టు.

ఆయిల్ చాంబర్‌ను స్క్రూడ్రైవర్ మొనతో పొడవకండి. పిడితో మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది. మెత్తగా, చచ్చిన చప్పుడు వచ్చినా, పెచ్చులు రాలినా అది మార్పించే వయసుకొచ్చినట్టే. ఈ పరీక్ష కోసం కారు కిందికి దూరాల్సి వస్తే చదునైన నేల, స్టాండ్లు తప్పనిసరి. ఒట్టి జాకీని నమ్మి కారు కింద పడుకోవద్దు, ఒక్క నిమిషమైనా సరే.

ఇంజిన్ నంబరు గురించి ఒక మాట. బ్లాక్ మీద నునుపుగా చేసిన చిన్న చదును మీద అది గుద్ది ఉంటుంది. పోత పోసినప్పుడు ఏర్పడే గరుకు పైపొర తుప్పును కొంత ఆపుతుంది. మిషన్ మీద చెక్కిన చదునుకు ఆ రక్షణ ఉండదు కాబట్టి నంబరున్న చోటే ముందు తుప్పు పడుతుంది. అక్కడ సాండ్‌పేపర్, గ్రైండర్ ముట్టనివ్వకండి. అంకెలు అరిగితే దిద్దారనే అనుమానం వస్తుంది, ఆ తలనొప్పి ఏ తుప్పూ ఇవ్వలేదు. కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, పల్చగా గ్రీజు రాసి వదిలేయండి. ఫోటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఎర్త్ బోల్టు: నేను చేసిన తప్పు

ఒక ఏడాది వానలకు ముందు ఉత్సాహం పట్టలేక బ్లాక్ మొత్తం గీకి నల్లరంగు కొట్టాను. కొత్త ఇంజిన్‌లా కనబడింది, నలుగురికీ బానెట్ ఎత్తి మరీ చూపించాను. ముసురు పట్టిన రెండో వారంలో తాళం తిప్పితే టక్ మని ఒక్క చప్పుడు, అంతే. సెల్ఫ్ తిరగలేదు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేయించాను. మళ్లీ అదే టక్. హెడ్‌లైట్లు మాత్రం రెండుసార్లూ మసకబారకుండా వెలిగాయి. ఆ సంగతి అప్పుడే గమనించి ఉంటే బ్యాటరీ జోలికి వెళ్లేవాణ్నే కాదు.

జరిగింది ఇది. రంగు వేసేటప్పుడు ఎర్త్ తీగ బోల్టు విప్పి, దాని కిందా స్ప్రే కొట్టి, ఆ రంగు మీదే మళ్లీ బిగించాను. బోల్టు మరల గుండా కాస్త కరెంటు దారి చేసుకుని కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. చెమ్మకు ఆ మరలూ తుప్పెక్కాక సెల్ఫ్ మోటారు అడిగే వందల ఆంపియర్లకు దారి లేకుండా పోయింది. తీగ చివరి రింగు ఆనే చోట, గోరంత వెడల్పున ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి బిగిస్తే మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది.

కాబట్టి వానలకు ముందు ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేయాలి. ఎర్త్ బోల్టు విప్పి, బ్లాక్ మీద ఆ చుట్టూ, రింగుకు రెండు వైపులా సాండ్‌పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించాలి. బిగించాకే, పైనుంచి గ్రీజు పూయాలి.

గీకడం, కడగడం, రంగు

బ్లాక్ మీద పైపొర అందంగా కనబడాలనుకుంటే గీకండి, తప్పేమీ లేదు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పకుండా మాత్రం వైర్ బ్రష్ ముట్టుకోవద్దు. సెల్ఫ్ మోటారు మీది లావు తీగకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది. బ్రష్ అటు తీగకూ ఇటు బ్లాక్‌కూ ఒకేసారి తగిలితే నిప్పురవ్వలు కాదు, మంటే. డ్రిల్లుకు తగిలించే వైర్ చక్రం వాడితే కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. దాని తీగలు సూదుల్లా ఊడి ఎగురుతాయి. చక్రం వాడితే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను, ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టాన్ని గుడ్డతో మూయాలి, ఇనుప రజను లోపలికి వెళ్తే మొత్తుకున్నా రాదు.

వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు కొట్టొద్దు. ప్రెజర్ వాషర్‌తో కనెక్టర్ల మీద అసలే వద్దు. వానలకు ముందు బానెట్ కింద కడిగించి, ఆరకుండానే మూసి పెట్టేవాళ్లు వానను ముందే ఇంటికి పిలుచుకున్నట్టు. కడిగాక ఇంజిన్ వేడెక్కేలా ఒక అరగంట తిప్పి ఆరనివ్వాలి.

బాత్రూం కడిగే యాసిడ్ పోస్తే తుప్పు పోతుందని చెప్పేవాళ్లుంటారు. పోతుంది, నిజమే. కానీ ఆ హైడ్రోక్లోరిక్ యాసిడ్ వదిలే క్లోరైడ్ మిగిలిపోతే మర్నాటికే కొత్త తుప్పు రెట్టింపుగా లేస్తుంది. అల్యూమినియం భాగాలను తింటుంది, గట్టి ఉక్కు బోల్టుల్లోకి హైడ్రోజన్ చేరి పెళుసెక్కి పుటుక్కుమనే ప్రమాదమూ ఉంది. దాని పొగ చాలు పక్కనున్న ఇనుప పనిముట్లన్నీ తుప్పెక్కడానికి. జిడ్డు తీయడానికి బ్రేక్ క్లీనర్ వాడేటట్టయితే క్లోరిన్ లేని రకమే తీసుకోండి. క్లోరిన్ ఉన్నది బాగా కాలే లోహానికో వెల్డింగ్‌కో తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

తుప్పును నల్లటి పొరగా మార్చే కన్వర్టర్ ద్రవాలు పనికొస్తాయి. వాటిలో ఉండే టానిక్ లేదా ఫాస్ఫారిక్ యాసిడ్ తుప్పుతో కలిసి గట్టిపడుతుంది. మెలిక ఏమిటంటే వాటికి తుప్పు కావాలి. ఊడే పెచ్చులు దులిపి, జిడ్డు తీసి, గట్టిగా పట్టుకున్న పల్చటి తుప్పు మీదే పూయాలి. తళతళలాడే ఇనుము మీద టానిక్ రకం పూయడం దండగ. పైన రంగు తప్పనిసరి, కన్వర్టర్ ఒక్కటే వానను ఆపలేదు.

రంగు కొనేటప్పుడు డబ్బా మీద వేడి అంకె చూడండి. బ్లాక్ బయటి గోడ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, అందుకే 260 డిగ్రీల దాకా తట్టే ఇంజిన్ ఎనామెల్ చాలు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అలా కాదు, కొన్ని వందల డిగ్రీలకు ఎక్కుతుంది. దానికి 650 డిగ్రీల రకం కావాలి, అదీ డబ్బా మీద చెప్పిన పద్ధతిలో మెల్లగా వేడెక్కిస్తూ కాలిస్తేనే నిలుస్తుంది. నన్నడిగితే మానిఫోల్డ్‌ను తుప్పుతోనే వదిలేయండి. దాని మందం దానికి చాలు. దాని స్టడ్‌లు మాత్రం రిపేరుకు రాబోతుంటే నాలుగైదు రోజుల ముందు నుంచే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మరల్లోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ చుక్కలు వేస్తూ ఉండండి. రంగు వేసేముందు ఎర్త్ చోటు, సెన్సర్లు, బెల్టు తిరిగే పుల్లీలు, రబ్బరు మౌంట్లు, ఇంజిన్ నంబరు, వాటర్ పంప్ కింది రంధ్రం టేపుతో కప్పాలి. ఆ రంధ్రం మూసుకుపోతే పంప్ సీలు పోయిన సంగతి మీకు చెప్పే దారి ఉండదు.

రంగంటే బద్ధకమా? మైనం లేదా లానోలిన్ రకం స్ప్రే పల్చగా కొట్టి తుడిచేస్తే ఒక సీజను గడుస్తుంది. డబ్ల్యూడీ-40 పేరులోనే నీటిని తరిమేదని అర్థముంది, ఆ పనికి అది భేష్. నెలల తరబడి కాపలా కాయమంటే మాత్రం దాని పల్చటి పొర నిలవదు. ఏది కొట్టినా మానిఫోల్డ్‌కు, బెల్టులకు దూరంగా కొట్టండి. వేడి మానిఫోల్డ్ మీద పడితే మంట అంటుకుంటుంది, బెల్టు మీద పడితే బెల్టు జారుతుంది. ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ పూయడం పాత అలవాటు. మానుకోండి. చర్మానికి హాని, క్యాన్సర్ కారకాలుంటాయి, రబ్బరు గొట్టాలూ ఉబ్బుతాయి.

లోపలి తుప్పు, కదలని కారు

బయటి తుప్పు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దాని గురించే మాట్లాడుకుంటాం. బ్లాక్‌ను నిజంగా తినేది లోపలి నీళ్ల దారుల్లోని తుప్పు. కూలెంట్‌లో తుప్పును ఆపే మందులుంటాయి, అవి కాలంతో అయిపోతాయి. ఒట్టి నీళ్లు పోస్తే అసలే ఉండవు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ పోసే మూత తీసి చూడండి. నీళ్లు బురద రంగులో ఉంటే వానలకు ముందే కడిగించి, మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్ చెప్పిన పాళ్లలో పోయించాలి. కోర్ ప్లగ్‌లు చాలావరకు లోపలి నుంచే చిల్లు పడతాయి. ఎథిలీన్ గ్లైకాల్ ఉన్న పాత కూలెంట్‌ను బయట పారబోయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి.

గాలిలో తేమ 60 శాతం దాటాక తుప్పు జోరందుకుంటుంది. వానాకాలంలో కదలకుండా నిలబడ్డ కారులో ఇంకో చిక్కు. బ్లాక్ బరువైన ఇనుప ముద్ద, రాత్రి చల్లబడితే తెల్లారాక వెంటనే వేడెక్కదు. వెచ్చటి చెమ్మగాలి దానికి తగలగానే చల్లటి నీళ్ల గ్లాసులా చెమర్చుతుంది. ప్లాస్టిక్ షీటు కప్పితే ఆ చెమ్మ లోపలే ఇరుక్కుంటుంది. గాలాడే గుడ్డ కవరే వాడాలి. నేల మట్టిదైతే కింద నుంచి వచ్చే నిమ్ము వేరే.

రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మేలు చేస్తుందనుకుంటారు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే అందులో కొంత సైలెన్సర్‌లో, ఆయిల్‌లో మిగిలిపోతుంది. తిప్పితే వారానికోసారి, ఒక అరగంట రోడ్డు మీద తిప్పండి. లేదా అసలు ముట్టుకోకండి.

సీజనంతా ముట్టుకోకూడదనుకుంటే, పెట్రోలు ఇంజిన్ అయితే, స్పార్క్ ప్లగ్‌లు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి ప్లగ్‌లు పెట్టేయండి. డీజిల్ ఇంజిన్‌లో ఈ పని మీరు చేయకండి. అక్కడ పిస్టన్ పైన జాగా చాలా తక్కువ, ఆయిల్ ఎక్కువైతే పిస్టన్ ఎత్తలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పెట్రోలు ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేసే రోజు ప్లగ్‌లు తీసి, పెట్రోలు సప్లయ్, ఇగ్నిషన్ కట్ చేసి, కాసేపు సెల్ఫ్ తిప్పి ఆయిల్ బయటికి వెళ్లనివ్వాలి. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కండి, లోపలికి చెమ్మ పోదు. కుక్కిన సంగతి చీటీ మీద రాసి స్టీరింగ్‌కు కట్టండి. నాలుగు నెలల తర్వాత అది మీకు గుర్తుండదు.