సగం పని చేసి మాయమైన కాంట్రాక్టర్: లైసెన్స్ బోర్డుకి ఫిర్యాదు ఎలా చెయ్యాలి

మా హాల్ బాత్రూంలో టబ్ పీకేశాడు, టైల్స్ పగలగొట్టాడు, లోపలి చెక్కలు కనిపించేదాకా గోడలు ఒలిచేశాడు. అది 2024 ఫిబ్రవరి 27, మంగళవారం. మర్నాటి నుంచి రాలేదు. అప్పటికి మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చి వారమైంది. ఆవిడ కాలెత్తి గట్టు దాటక్కర్లేని షవర్ పెట్టిద్దామనే ఈ పని మొదలుపెట్టాం. చివరికి ఆవిడ రోజూ మెట్లెక్కి మా బాత్రూంకే రావాల్సి వచ్చింది.

మేముండేది కాలిఫోర్నియాలో. అతనికి లైసెన్స్ ఉంది, బాండ్ (అతను ముంచితే నష్టం కట్టే కంపెనీ హామీ) ఉంది, తెలుగు వాట్సాప్ గ్రూపులో మంచి పేరూ ఉంది. ఒప్పందం 28,400 డాలర్లు. మొదట వెయ్యి ఇచ్చాం. గోడలు పగలగొట్టిన రోజే "టైల్స్, వానిటీ ఆర్డర్ పెట్టాలి" అని ఇంకో 12,000 చెక్కు తీసుకున్నాడు. ఆ సరుకు మా గుమ్మం ఎక్కలేదు.

ఇలాంటప్పుడు మనవాళ్లలో చాలామంది ఫిర్యాదు దాకా వెళ్లరు. "ముందే అంత ఎందుకిచ్చావు?" అంటారని సిగ్గు. నాకూ ఉండింది. కానీ ఇక్కడి చట్టం ఆ తప్పు ఇచ్చినవాళ్ల మీద వెయ్యలేదు, తీసుకున్నవాడి మీద వేసింది. ఇంటి రిపేరు ఒప్పందంలో అడ్వాన్సు ధరలో 10 శాతమో, వెయ్యి డాలర్లో, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. ఆ తరవాత కూడా చేసిన పనికో, ఇంటికి చేరిన సరుకుకో మించి వసూలు చెయ్యకూడదు. అంటే నేను సిగ్గుపడుతున్న ఆ 12,000 చెక్కే నా దగ్గరున్న గట్టి సాక్ష్యం.

ముందు ఒక తేడా అర్థం చేసుకోండి. కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డ్ మీ లాయరు కాదు. ఈ మనిషి చేతిలో లైసెన్స్ ఉండొచ్చా, ఉండకూడదా అన్నది దాని పని. మీ డబ్బు ఆ దారిలో తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. డబ్బుకి వేరే దారులున్నాయి, వాటి సంగతి తరవాత చెబుతాను.

ఇక అసలు విషయం. పనిని మధ్యలో వదిలెయ్యడం బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 7107 సెక్షన్ కింద క్రమశిక్షణ చర్యకి కారణం. అయితే అందులో ఒక చిన్న మాట ఉంది: చట్టబద్ధమైన కారణం లేకుండా వదిలెయ్యాలి. ఆ కారణాన్ని మనమే అతని చేతికి అందించకూడదు. మార్చి మూడో వారంలో ఓ రాత్రి 11 గంటలకి నేను ఫోన్‌లో టైప్ చేశాను: "ఇంక నువ్వు మా ఇంటికి రావద్దు. కోర్టులో చూసుకుందాం." మా ఆయన ఫోన్ లాక్కున్నారు. ఆ మెసేజ్ వెళ్లుంటే "నేను వదల్లేదు, వాళ్లే వెళ్లగొట్టారు" అనేవాడు. తాళం మార్చడం, గేటు కోడ్ మార్చడం, ఇవ్వాల్సిన వాయిదా ఆపడం, నోటిమాటగా డిజైన్ మార్చడం, అన్నీ అతనికి సాకులే. కోపం ఎంతున్నా మీ తలుపు తెరిచే ఉందని కాగితం మీద కనబడాలి.

అందుకే కొట్లాట మాని ఉత్తరం రాశాను. ఒకటే పేజీ. ఒప్పందం తేదీ, మొత్తం ధర, ఇప్పటిదాకా ఇచ్చింది, అతను చివరిసారి పనిచేసిన రోజు, మిగిలిన పనులు. తరవాత ఇది: "సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు ఇల్లు మీకు అందుబాటులో ఉంటుంది. ఈ ఉత్తరం తేదీ నుంచి 10 రోజుల్లో పని మళ్లీ మొదలుపెట్టండి. లేదంటే మీరు పని వదిలేసినట్టు భావించి వేరేవాళ్లతో చేయించుకుంటాం." తిట్లు లేవు. "డబ్బు తిరిగిస్తే ఫిర్యాదు చెయ్యను" లాంటి బేరం కూడా లేదు, అది అస్సలు రాయకండి. లైసెన్స్ పేజీలో ఉన్న అడ్రసుకి సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు సంతకం కార్డు తిరిగొచ్చేలా పంపాను. అదే కాపీ ఈమెయిల్‌లో, టెక్స్ట్‌లో కూడా. జవాబుగా ఒక బొటనవేలి ఎమోజీ వచ్చింది, అంతే. దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను, ఉత్తరం చదివాడనడానికి అంతకన్నా ఏం కావాలి?

ఆ 10 రోజుల్లో చేసిన పనులు మూడు. ఒకటి, బోర్డు వెబ్‌సైట్‌లో అతని లైసెన్స్ పేజీ చూసి ప్రింట్ తీశాను. ఒప్పందం రోజునా, డబ్బు తీసుకున్న రోజుల్లోనూ లైసెన్స్ చెల్లుబాటులో ఉందా అని చూడండి. సస్పెన్షన్‌లో ఉండగా పని చేసుంటే కథే మారిపోతుంది, 7031 సెక్షన్ కింద ఇచ్చిన మొత్తమంతా వెనక్కి అడగొచ్చు. మాది అంత అదృష్టం కాదు, లైసెన్స్ శుభ్రంగా ఉంది. రెండు, ఏదీ ముట్టుకోకుండా ఫోటోలు, వీడియోలు తీశాను. మూడు, లైసెన్స్ ఉన్న ఇంకో ఇద్దరిని పిలిచి, మొదటి ఒప్పందంలో మిగిలిన పనికి మాత్రమే అంచనా రాసిమ్మన్నాను. ఇక్కడ ఆశకు పోయి ఖరీదైన అద్దాల తలుపు చేర్చారో, లెక్క చెడిపోతుంది.

లెక్క ఇలా ఉంటుంది. అతనికి ఇచ్చింది 13,000. మిగిలిన పనికి తక్కువ అంచనా 24,600. కలిపితే 37,600. మొదటి ధర 28,400 తీసేస్తే నష్టం 9,200. ఇచ్చిన 13,000 అంతా నష్టమని నేను మొదట రాసుకున్నాను. అది తప్పు, పాత టైల్స్ పీకిన పని జరిగింది కదా. ఒప్పుకున్న ధరకి పని పూర్తి చెయ్యకపోవడం 7113 కిందికి, ఒక పనికని తీసుకున్న డబ్బు వేరేచోట వాడటం 7108 కిందికి వస్తాయి. ఫారంలో సెక్షన్లు రాయకపోయినా ఫరవాలేదు, జరిగింది తేదీలతో రాస్తే వాళ్లే చూసుకుంటారు.

ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, పోస్టులో పంపొచ్చు, ఫీజు లేదు. మామూలుగా నాలుగేళ్ల గడువుంది కానీ అన్నాళ్లు ఆగితే మనుషులూ బాండ్లూ మారిపోతాయి. ఒప్పందం, చెక్కుల రెండువైపులా కాపీలు, మెసేజ్‌లు, ఉత్తరం, రెండు అంచనాలు జతచేశాను. ఒరిజినల్స్ పంపకండి. పైన ఒక పేజీ తేదీల వరస పెట్టాను. 140 మెసేజ్‌లు చదివే ఓపిక ఎవరికుంటుంది? అందులో పనికొచ్చేవి 9. "నెక్స్ట్ వీక్ ష్యూర్" అని నాలుగుసార్లు రాశాడు, ఆ నాలుగూ వాటిలో ఉన్నాయి.

ఈలోపు పోస్టులో ఒక కాగితం వచ్చింది, ప్రిలిమినరీ నోటీస్ అని. ప్రకటన అనుకుని చెత్తలో వెయ్యబోయాను. అతనికి సరుకిచ్చిన షాపు నుంచి అది. మనం కాంట్రాక్టర్‌కి ఇచ్చేసినా, అతను షాపుకో, కింద పనిచేసినవాళ్లకో ఇవ్వకపోతే వాళ్లు మన ఇంటి మీద మెకానిక్స్ లీన్, అంటే ఆ బాకీకి ఇంటినే హామీగా పట్టుకునే హక్కు, వెయ్యగలరు. పని వరసగా 60 రోజులు ఆగితే చట్టం దాన్ని పూర్తయినట్టే లెక్కేస్తుంది, అక్కణ్ణించి లీన్‌కి 90 రోజులు. పని 30 రోజులు ఆగాక మనమే కౌంటీ రికార్డర్ ఆఫీసులో నోటీస్ ఆఫ్ సెసేషన్ (పని ఆగిపోయిందనే ప్రకటన) రికార్డు చేయిస్తే, షాపులకీ సబ్‌కాంట్రాక్టర్లకీ ఆ గడువు 30 రోజులకి తగ్గుతుంది. చివరి పనిరోజు ఏదో కచ్చితంగా తెలియాలని నేను పట్టుబట్టేది ఇందుకు కూడా. మా పక్కింటి డోర్‌బెల్ కెమెరా ఆ సాయం చేసింది.

బోర్డు ముందు అతనికి నోటీసు పంపి రాజీకి చూస్తుంది. ఊహించినట్టే, మేము డిజైన్ మార్చామన్నాడు. ఒప్పందానికి మార్పులుంటే రాతలో, ఇద్దరి సంతకాలతో ఉండాలి, ఒక్కటీ లేదు. తరవాత నాకే ఫోన్ చేసి "4,000 ఇస్తాను, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని సంతకం పెట్టండి" అన్నాడు. అలాంటి షరతు రాజీపత్రంలో పెట్టడమే 143.5 సెక్షన్ ప్రకారం నిషిద్ధం. డబ్బు ఇస్తే తీసుకుంటాను, ఆ వాక్యం మాత్రం ఉండదన్నాను. ఫోన్ పెట్టేశాడు.

రాజీ కుదరకపోతే ఫైలు దర్యాప్తుకి వెళ్తుంది. చిన్న తప్పైతే హెచ్చరిక లేఖ, దానిపైన జరిమానాతో సైటేషన్, అంటే తప్పు ఇదని బోర్డు ఇచ్చే ఉత్తర్వు. అందులోనే నష్టం కట్టమని కూడా ఆదేశించొచ్చు. మరీ పెద్దదైతే అక్యుజేషన్, అంటే లైసెన్స్ మీద అభియోగం: అటార్నీ జనరల్ ఆఫీసు వాదిస్తుంది, అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి వింటారు, లైసెన్స్ రద్దు దాకా పోవచ్చు. ఇది నెలల తరబడి సాగే పని. బాత్రూం అన్నాళ్లు అలా ఉంచక్కర్లేదు, కానీ కొత్తవాళ్లు చెయ్యి పెట్టే ముందు దర్యాప్తు అధికారిని అడగండి. నిపుణుడిని పంపి చూపించాలనుకుంటే గోడలు మూసేశాక చూసేదేముంటుంది?

డబ్బు సంగతి. ప్రతి లైసెన్స్ వెనక 25,000 డాలర్ల బాండ్ ఉంటుంది, ఆ కంపెనీ పేరు లైసెన్స్ పేజీలోనే ఉంటుంది. బోర్డుకి ఫిర్యాదు చేస్తే బాండ్ కంపెనీకి చెప్పినట్టు కాదు, దానికి క్లెయిమ్ విడిగా రాయాలి. ఆ 25,000 మీ ఒక్కరిదీ కాదు, అతను ముంచిన అందరిదీ. ఇక స్మాల్ క్లెయిమ్స్ కోర్టు: వ్యక్తులు 12,500 దాకా అడగొచ్చు, లాయర్ అవసరం లేదు.

మా 9,200 ఆ పరిధిలోనే ఉంది కాబట్టి దావా కాగితాలు నింపి సిద్ధంగా పెట్టుకున్నాను. వాడాల్సిన పని రాలేదు. సైటేషన్‌లో నష్టం కట్టమని ఆదేశం వచ్చింది. దాన్ని పాటించకపోతే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. గడువుకి ఆరు రోజుల ముందు క్యాషియర్స్ చెక్కు వచ్చింది, కవర్లో ఒక్క ముక్క కూడా రాయలేదు. అప్పటికి అత్తయ్య ఇండియా వెళ్లిపోయారు. వీడియో కాల్‌లో కొత్త షవర్ చూపిస్తే, "గట్టు లేదుగా, నీళ్లు బయటికి రావూ?" అన్నారు.