మామిడి కొమ్మలు కొట్టించాక తోట తేడా చేస్తే...

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం వైపు తోటల్లో సువర్ణరేఖ ముందే దిగిపోతుంది. బంగినపల్లి కూడా అయ్యేసరికి రోహిణి కార్తె. కోత కూలీలు ఎలాగూ చేతిలో ఉన్నారు కదా అని ఆ ఎండలోనే కొమ్మలు కూడా కొట్టించేస్తాం. నేనూ ఒక ఏడాది అదే చేసి, తర్వాత కనబడినవన్నీ తెగుళ్లే అనుకుని మందుల షాపు చుట్టూ తిరిగాను. అసలు తేడా నేను కత్తి పెట్టించిన రోజులో ఉంది.

పడమటి వైపు బెరడు పగిలి జిగురు కారుతోంది

ఏళ్ల తరబడి నీడలో ఉన్న కొమ్మ అది. పైనున్న గుబురంతా ఒక్కసారి తీసేస్తే మధ్యాహ్నం ఎండ నేరుగా బెరడును కాలుస్తుంది. ఆ పగుళ్లలోంచి ఎండుతెగులు శిలీంధ్రం దూరుతుంది. ఇక పుల్లలు కొన నుంచి కిందికి ఎండుకుంటూ వస్తాయి. ఎండిన చోటికి మూడంగుళాలు కిందికి, చెక్కలో నల్లచార కనబడని చోట కోయండి. జిగురు గీకేసి, కోతలకీ గాయాలకీ బోర్డో పేస్టు పట్టించండి. లీటరు నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం చాలు. నీళ్లు రెండు ప్లాస్టిక్ బకెట్లలో సగం సగం పోసి, విడివిడిగా కరిగించి కలపాలి. ఇనుప బకెట్ వద్దు. కలిపాక చాకు ముంచి చూడండి, ఎర్రటి పొర పట్టిందంటే ఇంకాస్త సున్నం పడాలి. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి. ఎండ తగిలే మానుకీ పెద్ద కొమ్మలకీ వెల్ల వేయండి.

వచ్చే ఏడాది మాత్రం మృగశిరలో రెండు వానలు పడేదాకా ఆగండి. కూలీల కోసం టెన్షన్ పడొద్దు, జులై దాకా టైముంది.

చిగురు పచ్చగా ఉంది, పూత మాత్రం లేదు

పైదానికి భయపడి మరీ ఆలస్యం చేసినవాళ్ల బాధ ఇది. మామిడి ముదిరిన రెమ్మ కొననే పూస్తుంది. సెప్టెంబరు, అక్టోబరులో కొడితే వచ్చే చిగురు డిసెంబరుకి ఇంకా లేతగానే ఉంటుంది. ఈ ఏడాదికి చేసేదేమీ లేదు, మళ్లీ కత్తి పెట్టకపోవడం తప్ప. పక్కింటి జామను చూసి మోసపోకండి. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి దానికి మే నెల కత్తిరింపు చెల్లుతుంది.

లేత ఆకులు కత్తెరతో కోసినట్టు రాలుతున్నాయి

పిల్లల పని కాదు, ఆకు కోసే పెంకు పురుగు. రెమ్మ మీద ఆకు మొదలు మాత్రమే మిగిలి ఉంటే అదే. గుడ్లు కింద పడిన ముక్కలోనే ఉంటాయి. అందుకే పిచికారీ కన్నా ముందు చెట్టు కింద రోజూ ఊడ్చి కాల్చేయండి.

కోసిన చోట చీపురుకట్టలా చిగుళ్లు

బలమైనవి రెండో మూడో ఉంచి మిగతావి లేతగా ఉండగానే తుంచేయండి.

కొమ్మ విరిగి బెరడు మాను దాకా చీలింది

బరువైన కొమ్మను పైనుంచి ఒకే కోతగా కోస్తే అంతే. మానుకి అడుగు దూరంలో ముందు కింద నుంచి కొంత, తర్వాత కాస్త అవతల పైనుంచి కోసి బరువు దించేయండి. మిగిలిన మొద్దుని ఆఖరున మెడ దగ్గర, అంటే కొమ్మ మానుకి అతికే ఉబ్బు దగ్గర, రంపంతో తీయండి. 2014లో హుద్‌హుద్ తుఫాను విరిచిన కొమ్మల్ని చాలామంది గొడ్డలితో మొద్దులుగా నరికి వదిలేశాం. అలాంటి మొద్దు మీ తోటలో ఉంటే చెట్టు మొదట్లో రంపపు పొట్టు రాలుతోందేమో చూడండి. రాలుతుంటే కాండం తొలిచే పురుగు లోపలుంది. రంధ్రంలో తీగ పెట్టి లాగి, పెట్రోలులో ముంచిన దూది దూర్చి, తడిమట్టితో మూసేయండి.