ఫైనల్ మార్కుల షీట్ తెరిచే ముందు: వెయిటేజీ ఫార్ములాలతో జాగ్రత్తలు

పరీక్షకే రాని మనిషి పాసైపోయాడు, అదీ నేను తయారు చేసిన షీట్‌లో. ఫైనల్ పరీక్ష సెల్‌లో ‘ఏబీ’ అని, అంటే ఆబ్సెంట్ అని, నా చేత్తోనే కొట్టాను. పక్క కాలమ్‌లో =ఇఫ్(డి4>=40, "పాస్", "ఫెయిల్") అని చిన్న ఫార్ములా ఉంది. అది శుభ్రంగా ‘పాస్’ అంది. ఎక్సెల్‌లో అక్షరాలను అంకెతో పోలిస్తే ఎప్పుడూ అక్షరాలదే పైచేయి. ‘ఏబీ’ నలభై కంటే పెద్దది, ఆ మాటకొస్తే నలభై వేల కంటే కూడా పెద్దదే. ఫలితాలు బయటికి వెళ్లడానికి ఒక గంట ముందు, వరుసగా చూసుకుంటూ పోతుంటే కంటపడింది కాబట్టి సరిపోయింది.

అప్పటి నుంచి షీట్‌లో ఎర్రర్ కనిపిస్తే నాకు టెన్షన్ లేదు. ఎర్రర్ అంటే షీట్ మనల్ని పిలిచి చెబుతోందని అర్థం. 46 అనో 65.71 అనో చక్కగా కనిపించే అంకె దగ్గరే గుండె దడ. కింద రాసినవన్నీ ఆ రకం తప్పుల గురించే.

ముందు మాటల్లో రాసుకోండి

ఒకరికి అసైన్‌మెంట్లలో 80 శాతం, ఫైనల్లో 60 శాతం వచ్చాయి. ప్రాజెక్టు సెల్ ఖాళీ. వెయిటేజీలు 20, 30, 50. ఈ మనిషికి మొత్తం ఎంత?

ఖాళీని సున్నా అనుకుంటే 16 + 0 + 30, అంటే 46. ప్రాజెక్టు నుంచి మినహాయింపు ఇచ్చారనుకుంటే ఆ 46ని మిగిలిన 70 శాతం వెయిటేజీతో భాగించాలి, 65.71 వస్తుంది. ప్రాజెక్టు మార్కులు ఇంకా చేతికి రాలేదంటే అసలు ఏ అంకే వేయకూడదు. ఒకే ఖాళీ సెల్‌కి మూడు జవాబులు. వాటిలో ఏది సరైనదో ఫార్ములాకి తెలిసే దారి లేదు. పైగా =ఇఫ్(సి4=0, ...) అని అడిగితే ఖాళీ సెల్‌కి కూడా ‘అవును, సున్నానే’ అంటుంది ఎక్సెల్. సున్నా మార్కులు తెచ్చుకున్నవాడూ, మార్కులు ఇంకా ఎక్కనివాడూ దానికి ఒకటే.

అందుకే కీబోర్డు ముట్టుకోకముందే ఒక కాగితం మీద రాయండి: రానివాళ్లకి ‘ఏబీ’, విలువ సున్నా. మినహాయింపు ఉన్నవాళ్లకి ‘మినహా’, ఆ భాగం వెయిటేజీ లెక్కలోంచి తీసేయాలి. ఖాళీ అంటే పని పూర్తి కాలేదు. ఈ మూడు వాక్యాలు ఎవరు ఒప్పుకోవాలో వాళ్ల చేత ఒప్పించుకుని రండి. ఫలితాలొచ్చాక నిబంధన మీద గొడవ మొదలైతే, షీట్ ఎంత బాగున్నా మిమ్మల్ని కాపాడదు.

వెయిటేజీలకు సెల్‌లు, సెల్‌లకు డాలర్లు

నేను వేసుకునే అమరిక ఇది. మొదటి వరుసలో శీర్షికలు, రెండో వరుసలో వెయిటేజీలు, మూడో వరుసలో గరిష్ఠ మార్కులు, నాలుగో వరుస నుంచి మనుషులు. బి, సి, డి కాలమ్‌లలో వచ్చిన మార్కులు. ఎఫ్, జి, హెచ్‌లలో వాటి శాతాలు. ఐలో మొత్తం.

వెయిటేజీలను ఫార్ములా లోపల 0.2, 0.3 అంటూ ఇరికించకండి. నిబంధన మారిన రోజున అరవై ఫార్ములాల్లో యాభై తొమ్మిదింటిని మార్చి ఒకటి మర్చిపోతారు. వాటిని 20, 30, 50 అని పూర్ణాంకాలుగానే ఉంచడం మేలు. శాతం ఫార్మాట్‌లో ఒక చిక్కు ఉంది: ముందే శాతంగా పెట్టిన సెల్‌లో 20 కొడితే 20% అవుతుంది, మామూలు సెల్‌లో 20 కొట్టి తర్వాత శాతంగా మారిస్తే 2000% అవుతుంది. దశాంశాలకీ తమ తలనొప్పి ఉంది. ఎక్సెల్‌లో =1*(0.5-0.4-0.1) అని కొట్టి చూడండి. సున్నా రాదు, సున్నాకి ఒక వెంట్రుకవాసి కింద మైనస్ అంకె వస్తుంది. కంప్యూటర్ అంకెలను రెండు ఆధారంగా దాచుకుంటుంది కాబట్టి 0.1 దానికి పూర్తిగా అందదు. పూర్ణాంకాలైతే =సమ్(బి2:డి2)=100 అని ఒక సెల్‌లో పెట్టుకుని నిశ్చింతగా ఉండొచ్చు.

ఇక డాలర్ గుర్తు. ఇది లేకపోతే ఏమవుతుందో చెప్పి వదిలేస్తే సరిపోదు, చూడాలి. నాలుగో వరుసలో ఫార్ములా రాసి, వెయిటేజీలకి బి2:డి2 అని డాలర్లు లేకుండా ఇచ్చి, కిందికి లాగారనుకోండి. మొదటి మనిషి లెక్క సరిగ్గా వస్తుంది. మీరు చేత్తో సరిచూసేది ఎప్పుడూ అతన్నే. ఐదో వరుసకొచ్చేసరికి వెయిటేజీలు బి3:డి3 అయిపోతాయి, అంటే గరిష్ఠ మార్కులే వెయిటేజీలు. ఆరో వరుసలో బి4:డి4, అంటే మొదటి మనిషి మార్కులు మూడో మనిషికి వెయిటేజీలు! భాగించే వెయిటేజీల మొత్తం కూడా అలాగే ఒక్కో వరుస కిందికి జరుగుతుంది కాబట్టి జవాబు ప్రతిసారీ సున్నాకీ వందకీ మధ్యే పడుతుంది. చూడ్డానికి ఏ తేడా తెలియదు. కాబట్టి $బి$2:$డి$2 అని రాయండి. సరిచూసేటప్పుడు మొదటి వరుసను వదిలేసి ఆఖరి వరుస సెల్‌లో ఉండి కీబోర్డు మీద ఎఫ్2 కీ నొక్కండి, ఫార్ములా ఏయే సెల్‌లను పట్టుకుందో రంగు గళ్లలో కనిపిస్తుంది.

రెండు ఫార్ములాలు చాలు

అసైన్‌మెంట్ 25కి, ప్రాజెక్టు 50కి, ఫైనల్ 100కి పెట్టి, వచ్చిన మార్కులను నేరుగా వెయిటేజీతో గుణించేవాళ్లు ఉన్నారు. 25కి 20 అంటే 80 శాతం, మొత్తంలో 16 రావాలి. నేరుగా గుణిస్తే 4 వస్తుంది. అందుకే ముందు శాతాల కాలమ్. ఎఫ్4లో ఇది రాసి హెచ్ వరకు, తర్వాత కిందికి లాగండి:

=ఇఫ్(బి4="ఏబీ", 0, ఇఫ్(బి4="మినహా", "", ఇఫ్(ఈజ్‌నంబర్(బి4), బి4/బి$3*100, ఎన్ఏ())))

చివర్లో ఉన్న ఎన్ఏ() కావాలని పెట్టిందే. ఖాళీ ఉన్నా, ‘ఏబీ’ పక్కన తెలియకుండా ఒక స్పేస్ పడినా, అంకె అక్షరంగా అతికించబడినా అక్కడ ఎర్రర్ కనబడుతుంది, మొత్తం కూడా ఎర్రర్ అవుతుంది. అదే మనకు కావలసింది. మొత్తం కోసం ఐ4లో:

=సమ్‌ప్రొడక్ట్($బి$2:$డి$2, ఎఫ్4:హెచ్4)/సమ్ఇఫ్(ఎఫ్4:హెచ్4, ">=0", $బి$2:$డి$2)

ఇందులో స్లాష్ గుర్తుకు ముందున్న భాగం వెయిటేజీలను శాతాలతో గుణించి కూడుతుంది. తర్వాతది అంకె ఉన్న భాగాల వెయిటేజీలను మాత్రమే కూడుతుంది. మినహాయింపు ఉన్నవాళ్లకి 70, మిగతావాళ్లకి 100. కొన్ని కంప్యూటర్ల ప్రాంతీయ సెట్టింగుల్లో కామా బదులు సెమీకోలన్ పెట్టాల్సి వస్తుంది. ఫార్ములా ఎంతకీ మింగుడుపడకపోతే ముందు అది చూడండి.

సమ్‌ప్రొడక్ట్‌లో రేంజ్‌ల మధ్య కామా పెట్టడానికీ, స్టార్ గుర్తుతో గుణించడానికీ తేడా ఉంది. కామా పెడితే అక్షరాలున్న సెల్‌ను సున్నాగా తీసుకుని నోరు మూసుకుంటుంది. స్టార్ పెడితే #వాల్యూ! అని అరుస్తుంది. ఇక్కడ కామా వాడింది ‘మినహా’ వాళ్ల కోసమే, అదీ ముందు కాలమ్‌లో వడకట్టేశాం కాబట్టి. వడకట్టని మార్కుల మీద కామా రూపం వాడొద్దు. సమ్ఇఫ్ కూడా ఇలాంటి మెతకదే. రెండు రేంజ్‌ల కొలతలు కలవకపోయినా, మొదటిదాని కొలతకి రెండోదాన్ని తనే సాగదీసుకుని ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది. సమ్ఇఫ్స్ అయితే ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది.

అడిగే ముందే చెబుతున్నాను, ఈ ఎర్రర్లు చూడ్డానికి బాగోలేవని ఇఫ్‌ఎర్రర్ చుట్టి సున్నా వేయకండి. అది పొగ వాసనొస్తోందని ముక్కు మూసుకోవడం లాంటిది.

తేదీగా మారిన మార్కు

పైన చెప్పిన జల్లెడకి చిక్కనిది ఒకటుంది. పదికి ఎనిమిది అని చూపించడానికి ఎవరో 8/10 అని కొడతారు. ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. తేదీ అంటే లోపల ఒక అంకె. ఈ మధ్య సంవత్సరాల తేదీలకి అది 45,000 పైచిలుకు. ఈజ్‌నంబర్ సంతోషంగా ఒప్పుకుంటుంది. ఇలాంటి బాధ పడలేకే మనుషుల జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో కొన్ని పేర్లనే మార్చుకుంది. ‘మార్చ్1’, ‘సెప్ట్1’ లాంటివి షీట్‌లో పడగానే తేదీలైపోయేవి మరి.

మార్కుల కాలమ్‌లకు డేటా వ్యాలిడేషన్ పెట్టి గరిష్ఠ మార్కు దాటనివ్వకండి. కాకపోతే అది టైప్ చేసినదాన్నే ఆపుతుంది, వేరేచోట నుంచి పేస్ట్ చేసినదాన్ని ఆపదు. అందుకని కాలమ్ అడుగున =మ్యాక్స్(బి4:బి63)<=బి$3 అని కూడా ఒక సెల్ ఉంచుకోండి.

రౌండింగ్, గ్రేడ్లు, బెస్ట్ నాలుగు

సెల్‌లో 40 కనబడుతోంది, పక్కన ‘ఫెయిల్’ అని ఉంది. లోపల 39.6 ఉంది, దశాంశాలు కనబడకుండా ఫార్మాట్ చేశారు. ఫార్మాట్ మారిస్తే విలువ మారదు. రౌండ్ చేయాలని నిబంధన ఉంటే రౌండ్ ఫార్ములాతో ఆఖర్న ఒక్కసారే చేయండి. భాగభాగానికీ చేస్తే మార్కులు జారిపోతాయి: 13.4, 11.4, 14.4 కలిపితే 39.2, రౌండ్ చేస్తే 39. విడివిడిగా రౌండ్ చేసి కలిపితే 38.

గ్రేడ్లకి ఇఫ్ లోపల ఇఫ్ పేర్చేటప్పుడు పెద్ద హద్దు నుంచి చిన్నదానికి రండి. మొదట నిజమైన షరతు దగ్గరే అది ఆగిపోతుంది. 40తో మొదలుపెడితే తొంభై వచ్చినవాళ్లకీ ఆఖరి గ్రేడే. సరిగ్గా 60 దగ్గర >= కావాలో > కావాలో నిబంధన చూసి రాయండి.

ఐదు చిన్న పరీక్షల్లో బెస్ట్ నాలుగు తీసుకునే పద్ధతికి =(సమ్(...)-మిన్(...))/4 అని చాలామంది రాస్తారు. ఒకరికి 70, 80, 90, 60 వచ్చాయి, ఐదోది ఖాళీ. మిన్ ఖాళీని పట్టించుకోదు, 60నే కనిష్ఠం అంటుంది. 300లోంచి 60 తీసేసి నాలుగుతో భాగిస్తే 60. రావలసింది 75. వదిలేయాల్సిన పరీక్ష రాకపోవడం వల్లే పోయింది, పాపం ఇంకొకటి కూడా ఊడ్చేశాం. ఖాళీలో సున్నా వేసినా సరే, లార్జ్ ఫార్ములాతో పైనుంచి నాలుగింటిని ఏరుకున్నా సరే.

రేంజ్ ఎక్కడ ఆగింది

ఇదంతా చిన్నవాళ్ల పొరపాటు అనుకోకండి. కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు 2010లో, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని తేల్చారు. 2013లో మసాచుసెట్స్ యూనివర్సిటీ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వాళ్ల షీట్ తెరిచి చూస్తే, సగటు ఫార్ములా 49వ వరుస దాకా పోవాల్సింది 44 దగ్గర ఆగింది. ఐదు దేశాలు లెక్కలోకి రాలేదు. అతనూ, అతని ప్రొఫెసర్లూ తిరిగి లెక్కేస్తే 2.2 శాతం వచ్చింది. ఆ తేడాలో రేంజ్ తప్పు వాటా చిన్నదే. కొన్ని సంవత్సరాల డేటా వదిలేయడం, వెయిటేజీ వేసిన తీరు ఎక్కువ దెబ్బ కొట్టాయి. దేశానికి ఒక ఓటు అనడంతో న్యూజిలాండ్ ఒక్క సంవత్సరమూ, బ్రిటన్ పందొమ్మిది సంవత్సరాలూ సమానమైపోయాయి. రేంజ్ తప్పును రచయితలు ఒప్పుకున్నారు, వెయిటేజీని మాత్రం సమర్థించుకున్నారు. వెయిటేజీ నిర్ణయాన్ని షీట్ బయట ముందే తేల్చుకోమన్నది అందుకే.

పంపే ముందు

సార్టింగ్ చేసేటప్పుడు మొత్తం పట్టికను ఎంచుకోండి, లేకపోతే పేర్లు కదిలి మార్కులు అక్కడే ఉంటాయి. ఫిల్టర్ పెట్టి కొందరిని దాచినా సమ్, సమ్‌ప్రొడక్ట్ వాళ్లని కూడా కలుపుకుంటాయి. దాన్ని మర్చిపోకండి. మార్కు మార్చినా మొత్తం కదలకపోతే లెక్కింపు మాన్యువల్‌లో ఉందేమో చూడండి. ముందు తెరిచిన ఇంకో ఫైల్ నుంచి ఎక్సెల్ ఆ సెట్టింగ్ తెచ్చుకుంటుంది.

చివరగా, జాబితా అడుగున నాలుగు దొంగ వరుసలు కలపండి: అన్నీ గరిష్ఠ మార్కులు, అన్నీ సున్నాలు, సరిగ్గా 40 వచ్చేలా ఒకటి, ప్రాజెక్టు ‘మినహా’ ఉన్నది ఒకటి. జవాబులు 100, 0, 40 రావాలి, నాలుగోది క్యాలిక్యులేటర్‌తో సరిచూడాలి. అయ్యాక ఆ వరుసలు తీసేయడం మర్చిపోకండి. ‘అన్నీవందలు’ అనే అభ్యర్థికి మొదటి ర్యాంకు ఇచ్చి నేనొకసారి జాబితా పంపేశాను. ఆ అభ్యర్థి ఎవరని మూడు రోజులు ఫోన్లు వచ్చాయి.