సొంతంగా మైక్రో ఎకనామిక్స్ – 3వ పాఠం: గీత మీద నడక, గీతే జరగడం

గత పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. గంటకు 18 డాలర్లు వచ్చే పనిని వారానికి మూడు గంటలు మానుకుని, 16 వారాల సెమిస్టర్ అంతా క్లాసుకు వెళ్ళే అమ్మాయికి ఆ కోర్సు అసలు ఖర్చెంత? ఫీజు 300 డాలర్లు అనుకున్నాం. వదులుకున్న జీతం 18 × 3 × 16, అంటే 864. ఫీజుతో కలిపి 1,164 డాలర్లు. క్లాసు ఉన్న సాయంత్రాల్లో ఆమె తిన్న భోజనం ఖర్చు ఇందులో కలపకూడదు. క్లాసుకు వెళ్ళినా వెళ్ళకపోయినా తింటుంది కదా. ఈ మాట తేలిగ్గా ఒప్పుకోగలిగితే ఆపర్చునిటీ కాస్ట్, అంటే ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్నదాని విలువ, మీకు వచ్చేసినట్టే.

ఈ వారం డిమాండ్. టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీల్లో ఈ కోర్సు నంబరు ఎకాన్ 2302. ఇర్వింగ్ దగ్గర చేరినా హ్యూస్టన్‌లో చేరినా అదే నంబరు, దాదాపు అదే వరస. పుస్తకం కొనలేదని ఆగిపోకండి. రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో ఈ కోర్సు పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. హెచ్4 వీసా (హెచ్1బి మీద పనిచేసేవాళ్ళ కుటుంబసభ్యులకు ఇచ్చేది) మీద ఉండి నాతోపాటు ఈ పాఠాలు చదువుతున్నవాళ్ళకు ఒక మాట: పని చేయడానికి వేరే అనుమతి కావాలి గానీ, చదువుకోవడానికి ఆ వీసా అడ్డు కాదు. నేనూ అలాగే చేరాను.

నా మొదటి క్విజ్‌లో పది ప్రశ్నలకు నాలుగు ఈ పాఠంలోనే పోయాయి. అందుకే దీని మీద ఎక్కువసేపు కూర్చుందాం.

ముందు బొమ్మ సంగతి, అంటే ఏ ధరకు ఎంత కొంటారో చూపే డిమాండ్ గీత. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్ళు ఇక్కడే తడబడతారు. మనకు అలవాటైన పద్ధతిలో కారణం అడ్డంగా, ఫలితం నిలువుగా ఉంటుంది. ఇక్కడ ధర కారణం, కొనే పరిమాణం ఫలితం. అయినా ధరను నిలువుగా, పరిమాణాన్ని అడ్డంగా గీస్తారు. 1890లో ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త తన పుస్తకంలో అలా గీశాడు, అదే స్థిరపడిపోయింది. తప్పేమీ లేదు, కళ్ళకు అలవాటు కావాలంతే. కాగితం మీద పదిసార్లు గీయండి, నిజంగా పదిసార్లు.

ఇప్పుడు అసలు విషయం. ‘డిమాండ్’ వేరు, ‘డిమాండ్ పరిమాణం’ వేరు. మామూలు మాటల్లో రెండింటినీ గిరాకీ అనేస్తాం, పరీక్షలో అలా కుదరదు. ఒక ధరకు ఎన్ని కొంటారన్నది డిమాండ్ పరిమాణం, అంటే గీత మీద ఒక చుక్క. ఏ ధరకు ఎన్ని కొంటారో చెప్పే మొత్తం పట్టిక డిమాండ్, అంటే గీత మొత్తం. వస్తువు సొంత ధర మారితే చుక్క గీత మీద పైకో కిందికో నడుస్తుంది. ఇంకేది మారినా గీతే జరుగుతుంది.

ఆ ‘ఇంకేది’లో ఏముంటాయి? ఆదాయం, ఇష్టాలు, దానికి బదులు వాడే వస్తువుల ధరలు, దానితో కలిపి వాడే వస్తువుల ధరలు, కొనేవాళ్ళ సంఖ్య, రేపు ఏమవుతుందోనన్న అంచనా. చివరిది పుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళం మాత్రం దాన్ని కళ్ళారా చూశాం.

2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించింది. మన సోనా మసూరి అందులోనే వస్తుంది. ఆ వార్త వాట్సాప్‌లో తిరగ్గానే ఇండియన్ స్టోర్ల ముందు జనం. నేను వెళ్ళేసరికి బియ్యం పెట్టే వరసలో రెండు బస్తాలు మిగిలాయి, ఒకదాని సంచి మూల చిరిగి గింజలు నేల మీద పడి ఉన్నాయి. రెండూ బండిలో పెట్టుకుంటే కౌంటర్ దగ్గర కుర్రాడు, “అక్కా, ఇంటికి ఒక్క బస్తానే” అన్నాడు.

ఆ రోజు నిజంగా మారిందేమిటి? బియ్యం ఇండియా నుంచి ఓడలో రావడానికి వారాలు పడుతుంది. అంటే స్టోర్లో ఉన్న బస్తాలు నిషేధానికి ముందే వచ్చినవి, ఆ ఉదయానికి సరుకు తగ్గలేదు. మన ఆదాయం మారలేదు, ఇంట్లో తినేవాళ్ళు పెరగలేదు. రేపు దొరకదేమో, దొరికినా ధర మండిపోతుందేమో అన్న భయం ఒక్కటే కొత్తగా వచ్చింది. దాంతో డిమాండ్ గీత కుడివైపుకు జరిగింది.

అంకెల్లో చూద్దాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలే. మామూలు వారంలో ఒక స్టోర్లో 20 పౌండ్ల బస్తా ధర 20 డాలర్లయితే 100 బస్తాలు పోతాయి, 25 అయితే 80, 30 అయితే 60. సూత్రంగా రాస్తే పరిమాణం = 180 – 4 × ధర. స్టోర్లో సరిగ్గా 100 బస్తాలు ఉన్నాయి. 20 డాలర్లకు అన్నీ పోతాయి, ఎవరూ వట్టి చేతులతో వెళ్ళరు.

వార్త వచ్చాక ప్రతి ధరకూ ఇంకో 100 బస్తాలు అదనంగా అడుగుతున్నారనుకోండి. కొత్త సూత్రం 280 – 4 × ధర. బస్తాలు మాత్రం అవే 100. యజమాని ధర పెంచకుండా 20 దగ్గరే ఉంచితే 200 అడుగుతారు, 100 బస్తాల కొరత. అప్పుడే ‘ఇంటికి ఒక్క బస్తా’ అన్న నియమం పుడుతుంది. ధరతో పంచకపోతే ఇంకేదో ఒక పద్ధతిలో పంచాలి, క్యూతోనో కోటాతోనో. ధరను వదిలేస్తే 280 – 4 × ధర = 100 అయ్యేవరకు పెరుగుతుంది, అంటే 45 డాలర్లు. పాత గీత మీద 45 డాలర్లకు ఎన్ని పోయేవో లెక్కవేయండి. సున్నా. మామూలు వారంలో ఒక్కరూ కొనని ధరకు ఆ వారం 100 బస్తాలు అమ్ముడైపోతాయి. గీత జరగడం అంటే ఇదే.

ఇక్కడ ఉచ్చు ఉంది. “డిమాండ్ పెరిగింది కాబట్టి ధర పెరిగింది, ధర పెరిగింది కాబట్టి డిమాండ్ తగ్గింది, అందుకని ధర మళ్ళీ పాత చోటికి వచ్చింది.” వినడానికి సరిగ్గానే ఉంటుంది. నేను క్విజ్‌లో టిక్కు పెట్టింది ఇలాంటి వాక్యానికే. రెండో ముక్క తప్పు. ధర పెరిగినప్పుడు తగ్గేది డిమాండ్ పరిమాణం. మన లెక్కలో 20 డాలర్ల దగ్గర 200 అడిగినవాళ్ళు 45 దగ్గర 100కు తగ్గారు, కానీ అది కొత్త గీత మీద పైకి నడవడమే. గీత వెనక్కి రాలేదు. వెనక్కి రావాలంటే భయం తగ్గాలి. నిషేధం 2024 సెప్టెంబరు చివర్లో ఎత్తేశారు గానీ, స్టోర్ల ముందు హడావుడి అంతకు చాలా ముందే సద్దుమణిగింది.

ప్రశ్న చదవగానే పెన్సిల్ ఎత్తకుండా ఒకటి అడగండి: మారింది ఈ వస్తువు సొంత ధరేనా? అవునంటే చుక్క జరపండి. కాదంటే ముందు గీత జరపండి, ఆ తర్వాత ధర ఎక్కడికి పోతుందో చూడండి. ఈ వరస తారుమారైతే జవాబు తప్పుతుంది.

ఈ వారం అభ్యాసం మూడు. కోడిగుడ్ల ధర: అమెరికాలో డజను సగటు ధర 2024 మార్చిలో 3 డాలర్లకు కాస్త తక్కువ, 2025 మార్చిలో బర్డ్ ఫ్లూ వల్ల 6 దాటింది. కొనేవాళ్ళు తగ్గించి కొన్నారంటే డిమాండ్ గీత జరిగిందా, చుక్క జరిగిందా? గుడ్లకు బదులు పనీర్ కొన్న ఇంట్లో పనీర్ డిమాండ్ గీత ఎటు జరిగింది? మూడోది, పైన 280 బదులు 240 పెట్టి కొత్త ధర కనుక్కోండి. మూడింటికీ బొమ్మ గీయాలి.

వచ్చే పాఠంలో సప్లై గీత. నిషేధం మొదలై, కొత్త ఓడలు రాకపోయిన తర్వాతి నెలల్లో ఏం జరిగిందో అక్కడ చూద్దాం.