రింగ్ అవుతోంది, మాట వినబడట్లేదు: ఇంటర్నెట్ ఫోన్లకు పోర్ట్ ఫార్వర్డింగ్ ఎక్కడ చెడిందో పట్టుకునే పద్ధతి

ఆఫీసులో ఫ్రీపీబీఎక్స్ పెట్టారు (ఆఫీసు ఫోన్లని కలిపే ఎక్స్ఛేంజ్, అంటే పీబీఎక్స్, నడిపే సాఫ్ట్‌వేర్; దాని లోపలి ఇంజిన్ పేరు ఆస్టరిస్క్), లోపలి ఫోన్లన్నీ ఒకదానితో ఒకటి బ్రహ్మాండంగా మాట్లాడుకుంటున్నాయి, ఇంటి నుంచి పనిచేసే మనిషి కనెక్ట్ అయితేనే తేడా కొడుతోంది. ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒకటే. రౌటర్‌లోకి వెళ్లి ఇంకో నాలుగు పోర్టులు తెరుస్తారు (బయటి నుంచి ఫలానా పోర్టుకి, అంటే ఫలానా నంబరు తలుపుకి, వచ్చేదాన్ని లోపల ఏ మెషీన్‌కి పంపాలో చెప్పే రూలే పోర్ట్ ఫార్వర్డింగ్), అదీ పనిచేయకపోతే డీఎంజెడ్ ఆన్ చేసి పీబీఎక్స్‌ని మొత్తంగా బయట నిలబెడతారు. అలా చేయకండి. ప్యాకెట్ (నెట్‌లో వెళ్లే డేటా ముక్క) ఎక్కడి దాకా వచ్చి ఆగిపోయిందో ముందు చూసుకుంటే, రూల్ ముట్టుకోవాల్సిన అవసరం చాలాసార్లు ఉండనే ఉండదు.

ఒక్క కాల్‌లో రెండు వేర్వేరు దారులు ఉంటాయి. రింగ్ కొట్టడం, ఎత్తడం, పెట్టేయడం లాంటి సంకేతాలు సిప్ అనే ప్రొటోకాల్ మీద వెళ్తాయి, మామూలుగా యూడీపీ 5060 పోర్టులో (యూడీపీ, టీసీపీ అనేవి ప్యాకెట్లు పంపే రెండు పద్ధతులు). మాట మాత్రం ఆర్‌టీపీ అనే ఇంకో ప్రొటోకాల్ మీద వెళ్తుంది, ఆస్టరిస్క్ అయితే డీఫాల్ట్‌గా యూడీపీ 10000 నుంచి 20000 లోపు ఏదో ఒక పోర్టు పట్టుకుంటుంది. ఒకటి బాగుండి ఇంకొకటి చెడిపోవడం రోజూ జరిగేదే, అందుకని లక్షణం సరిగ్గా గమనిస్తే సగం పని అయిపోయినట్టే. బయటి ఫోన్ అసలు రిజిస్టరే కాకపోతే (పీబీఎక్స్‌లో లాగిన్ కాలేకపోతే) సాధారణంగా సంకేతాల దారి మూసుకుపోయినట్టు. రింగ్ అయి, ఎత్తాక ఒకవైపే వినబడినా రెండు వైపులా నిశ్శబ్దంగా ఉన్నా మాట దారి పోయింది. కాల్ బాగానే మొదలై అర నిమిషం దాటగానే కట్ అయితే అది వేరే జబ్బు, దాని సంగతి కింద చెప్తాను.

రౌటర్‌లో ఏదైనా మార్చే ముందు అసలు మీకు పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగల అడ్రస్) ఉందో లేదో చూడండి. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపున్న అడ్రస్) అని ఒక నంబర్ ఉంటుంది, బ్రౌజర్‌లో "నా ఐపీ ఏంటి" అని వెతికితే ఇంకో నంబర్ వస్తుంది. రెండూ ఒకటే అయితే సరే. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు క్యారియర్ నాట్ వెనకాల ఉన్నారు, అంటే ఒకే పబ్లిక్ ఐపీని మీ ప్రొవైడర్ ఎంతోమందికి పంచుతున్నాడు (ఈ అడ్రస్‌లను 2012లో సరిగ్గా ఈ పనికే కేటాయించారు). కొందరు ప్రొవైడర్లు ఇదే పనికి 10తో మొదలయ్యే అడ్రస్‌లు కూడా వాడతారు. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా ఉపయోగం లేదు, బయటి ప్యాకెట్ ప్రొవైడర్ డబ్బా దగ్గరే ఆగిపోతుంది. నెలకు కొంత కట్టి మారని పబ్లిక్ ఐపీ, అంటే స్టాటిక్ ఐపీ, తీసుకోవడం ఒక మార్గం, పీబీఎక్స్‌నే క్లౌడ్‌లో చిన్న సర్వర్ మీదకి మార్చుకోవడం ఇంకో మార్గం, లేదంటే ఆఫీసు నుంచి అలాంటి క్లౌడ్ సర్వర్ దాకా వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే వేసుకునే ప్రైవేట్ సొరంగం) వేసుకోవచ్చు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "పోర్ట్ ఓపెన్ చేయండి" అంటే అటువైపు వాళ్లకి అర్థం కాదు, "నాకు పబ్లిక్ స్టాటిక్ ఐపీ కావాలి" అని సూటిగా అడగండి.

వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే మాత్రం కంగారు పడక్కర్లేదు, అది సాధారణంగా రెండు రౌటర్ల గొడవ. ఫైబర్ వాడు గోడకి బిగించిన బాక్స్ ఒక రౌటర్, దాని వెనక మీరు కొనుక్కున్నది ఇంకోటి. రూల్ మీ దాంట్లో రాశారు, ప్యాకెట్ మొదటి బాక్స్ దాటి రావట్లేదు. ఫైబర్ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి వచ్చింది వచ్చినట్టు దాటించేలా) పెట్టమని టెక్నీషియన్‌ని అడగడమే శుభ్రమైన దారి. కుదరదంటే రెండింట్లోనూ ఒకదాని తర్వాత ఒకటి ఫార్వర్డ్ చేయాలి: బాక్స్ నుంచి మీ రౌటర్‌కి, అక్కడి నుంచి పీబీఎక్స్‌కి.

ఇంకో ప్రశ్న వేసుకోండి: నిన్నటి దాకా బాగుండి, కరెంటు పోయి వచ్చాక మొదలైందా? అయితే రూల్ తప్పు కాకపోవచ్చు. రౌటర్ ఆగి లేచాక పీబీఎక్స్‌కి లోపల వేరే ఐపీ ఇచ్చి ఉంటుంది, రూల్ మాత్రం పాత ఐపీకే పంపిస్తూ ఉంటుంది, ఆ పాత ఐపీ ఇప్పుడు ఏ ప్రింటర్‌కో పోయి ఉంటుంది. రౌటర్‌లో లోపలి ఐపీలు పంచే డీహెచ్‌సీపీ పేజీలో పీబీఎక్స్ మ్యాక్ అడ్రస్‌కి (దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్‌కి) ఐపీ రిజర్వ్ చేసేయండి. స్టాటిక్ ఐపీ లేనివాళ్లకి ఇదే సమయంలో బయటి ఐపీ కూడా మారుతుంది, దాని ప్రభావం మాట మీద పడుతుంది.

ఇక రూల్. టీపీ లింక్ రౌటర్లలో ఇది నాట్ ఫార్వర్డింగ్ కింద వర్చువల్ సర్వర్స్ అనే పేరుతో ఉంటుంది, వేరే కంపెనీల్లో పోర్ట్ ఫార్వర్డింగ్ అనే ఉండొచ్చు. ఎక్కువమంది దెబ్బతినేది ప్రొటోకాల్ దగ్గర: ఆ బాక్స్‌లో టీసీపీ అని ఉంటే అలాగే వదిలేస్తారు. సిప్‌కి యూడీపీ కావాలి, ఆర్‌టీపీకైతే యూడీపీ తప్ప ఇంకేదీ పనికిరాదు. పాత ఫ్రీపీబీఎక్స్ అయితే 5060 మీద ఏ డ్రైవర్ కూర్చుందో కూడా చూసుకోండి, సిప్ నడిపే చాన్ సిప్, పీజేసిప్ అనే రెండు డ్రైవర్లూ ఉన్న రోజుల్లో ఒకటి 5060 మీద ఉంటే ఇంకోటి 5160 మీద ఉండేది. ఆర్‌టీపీకి పది వేల పోర్టులూ తెరవక్కర్లేదు. ఒక కాల్‌లో ఒక్కో వైపుకి రెండు పోర్టులు లెక్కేసుకుంటే పది కాల్స్ ఒకేసారి నడిచినా నలభై సరిపోతాయి, కాబట్టి ఆస్టరిస్క్ సిప్ సెట్టింగ్స్‌లో రేంజ్‌ని 10000 నుంచి 10200కి తగ్గించి, రౌటర్‌లో కూడా సరిగ్గా అదే రేంజ్ ఇవ్వండి. రెండు చోట్లా అంకెలు తేడా ఉంటే కొన్ని కాల్స్‌లో మాట వచ్చి కొన్నింట్లో రాదు, అది పట్టుకోవడం చాలా తలనొప్పి.

ఇప్పుడు పరీక్ష. ఆన్‌లైన్ పోర్ట్ చెకర్ సైట్లని ఈ పనికి నమ్మకండి, అవి చాలావరకు టీసీపీనే చూస్తాయి, 5060 "క్లోజ్డ్" అని చూపించినా మీ యూడీపీ రూల్ గురించి అది ఏమీ చెప్పినట్టు కాదు. ఆఫీసు వైఫైలోనే కూర్చుని బయటి ఐపీ కొట్టి చూడటం కూడా దండగే, లోపలి నుంచి బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చే ప్యాకెట్‌ని చాలా రౌటర్లు తిప్పి పంపలేవు. మొబైల్‌లో ఒక సాఫ్ట్‌ఫోన్ యాప్ వేసుకుని, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద రిజిస్టర్ చేయండి. అదే సమయంలో పీబీఎక్స్ మీద టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లని చూపించే టూల్) పెట్టి 5060ని చూస్తూ ఉండండి.

ఏమీ రాకపోతే ప్యాకెట్ పీబీఎక్స్ దాకా చేరలేదు, తప్పు రౌటర్‌లోనో దానికి ముందో ఉంది. టీసీపీడంప్‌లో కనిపించి, ఆస్టరిస్క్‌లో సిప్ లాగర్ ఆన్ చేసినా అక్కడ జాడ లేకపోతే, దోషి సర్వర్‌లోని ఫైర్‌వాలే. ఎందుకంటే టీసీపీడంప్ ఫైర్‌వాల్ కన్నా ముందే ప్యాకెట్‌ని చూసేస్తుంది. ఎక్కువసార్లు ఫెయిల్‌టుబ్యాన్ అనే కాపలా టూల్ ఆ ఐపీని నిషేధించి కూర్చుంటుంది, బ్రాంచ్ ఆఫీసులో ఎవరో ఒకరు పాస్‌వర్డ్ నాలుగుసార్లు తప్పు కొడితే ఆ బ్రాంచ్ ఫోన్లన్నీ ఒకేసారి పోతాయి, అక్కడివాళ్లు మాత్రం "నెట్ బాగానే ఉందండీ" అంటూ ఉంటారు. రెండు చోట్లా కనిపించి కూడా రిజిస్టర్ కాకపోతే పోర్ట్ సంగతి వదిలేసి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూసుకోండి. మొదటిసారి 401 అనే జవాబు రావడం మామూలే, అది పాస్‌వర్డ్ అడగడం మాత్రమే. దాని వెంటనే 403 (నిరాకరణ) వచ్చినా, 401లే మళ్లీ మళ్లీ వచ్చినా అప్పుడు అనుమానించండి.

రింగ్ అవుతుంది, మాట రాదు అంటే కాల్ సెటప్‌లో ఏ అడ్రస్ వెళ్తోందో చూడాలి. ఎస్ఎన్‌గ్రెప్ (సిప్ మెసేజ్‌లు చూపించే టూల్) తెరిచి ఒక కాల్ చేసి, పీబీఎక్స్ పంపే ఇన్వైట్ (కాల్ పిలుపు) లేదా 200 ఓకే (ఎత్తారనే జవాబు) మెసేజ్ అడుగుభాగానికి వెళ్లండి. అక్కడ "సి" అక్షరం, ఈక్వల్స్ గుర్తుతో మొదలయ్యే ఒక లైన్‌లో ఐపీ ఉంటుంది, "నాకు మాట ఇక్కడికి పంపు" అని ఎదుటి ఫోన్‌కి చెప్పేది అదే. అక్కడ మీ పబ్లిక్ ఐపీకి బదులు 192.168.1.50 అని ఉంటే ఎదుటివాడు డల్లాస్‌లో ఉన్నా, గుంటూరులో ఉన్నా ఆ అడ్రస్‌కి మాట పంపలేడు. కవర్ మీద తిరుగు చిరునామాగా "వెనక గది" అని రాసి పోస్ట్ చేసినట్టు. ఫ్రీపీబీఎక్స్‌లో ఆస్టరిస్క్ సిప్ సెట్టింగ్స్ పేజీలో ఎక్స్‌టర్నల్ అడ్రస్ అనే గడిలో పబ్లిక్ ఐపీ, లోకల్ నెట్‌వర్క్స్‌లో మీ ఆఫీసు నెట్‌వర్క్ ఇవ్వండి, డిటెక్ట్ బటన్ నొక్కితే తనే నింపుకుంటుంది. అప్లై కాన్ఫిగ్ కొట్టి ఊరుకోవద్దు, ఈ మార్పు అమల్లోకి రావాలంటే ఆస్టరిస్క్‌ని రీస్టార్ట్ చేయాలి. ఐపీ మార్చాక కూడా పాత అడ్రసే కనిపిస్తుంటే కారణం సాధారణంగా ఇదే.

అదే పేజీలో ఇంకో ఉచ్చు ఉంది. టెలికాం ఆపరేటర్ సిప్ ట్రంక్‌ని (పీబీఎక్స్‌ని బయటి ఫోన్ నెట్‌వర్క్‌కి కలిపే కనెక్షన్‌ని) ప్రత్యేక లైన్ మీద ఇచ్చినప్పుడు అవతలి సర్వర్ ఐపీ తరచూ 10తో మొదలయ్యే ప్రైవేట్ అడ్రస్ అవుతుంది. ఆ నెట్‌వర్క్‌ని కూడా లోకల్ నెట్‌వర్క్స్‌లో చేర్చకపోతే పీబీఎక్స్ అతితెలివిగా ఆపరేటర్‌కి మీ బ్రాడ్‌బ్యాండ్ పబ్లిక్ ఐపీ రాసి పంపుతుంది, ఆపరేటర్ సర్వర్ అక్కడికి మాట పంపలేదు, మీకు అవతలివాళ్ల గొంతు వినబడదు. పోర్ట్ ఫార్వర్డింగ్‌కి దీనితో సంబంధమే లేదు, అయినా అందరూ ముందు రౌటర్‌నే విప్పుతారు.

అన్నీ సరిగ్గా ఉండి ఇంటి దగ్గరి ఎక్స్‌టెన్షన్‌కి మాత్రమే మాట రాకపోతే ఆ ఎక్స్‌టెన్షన్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఆర్‌టీపీ సిమ్మెట్రిక్, రీరైట్ కాంటాక్ట్, ఫోర్స్ ఆర్‌పోర్ట్ మూడూ యెస్, డైరెక్ట్ మీడియా నో అని ఉండాలి. డైరెక్ట్ మీడియా ఆన్‌లో ఉంటే కాల్ ఎత్తగానే పీబీఎక్స్ పక్కకి తప్పుకుని, రెండు ఫోన్లనీ నేరుగా మాట్లాడుకోమంటుంది, రెండూ వేర్వేరు రౌటర్ల వెనక ఉన్నప్పుడు అది జరిగే పని కాదు.

ఇప్పుడు అర నిమిషం జబ్బు. గడియారం పెట్టి చూడండి, కాల్ సరిగ్గా 32 సెకన్లకి కట్ అవుతుంది. ఫోన్ ఎత్తగానే 200 ఓకే వెళ్తుంది, దానికి అవతలి నుంచి ఏసీకే అనే జవాబు రావాలి. రాకపోతే అర సెకనుకి మళ్లీ పంపుతుంది, తర్వాత ఒక సెకను, రెండు, నాలుగు, అక్కడి నుంచి ప్రతి నాలుగు సెకన్లకీ ఒకటి, 32 సెకన్లు దాటాక విసిగి కాల్ వదిలేస్తుంది. 2002 నాటి సిప్ ప్రమాణంలోనే ఈ లెక్క ఉంది. ఎస్ఎన్‌గ్రెప్‌లో ఒకే 200 ఓకే వరసగా కింద కింద పడుతూ ఉంటే ఇదే. మూలం చాలావరకు పైన చెప్పిందే, కాంటాక్ట్ హెడర్‌లో (తర్వాతి మెసేజ్‌లు ఎక్కడికి పంపాలో చెప్పే లైన్‌లో) లోపలి ఐపీ వెళ్లడం, లేదా సిప్ ఏఎల్‌జీ, దాని గురించి కింద చెప్తాను. (సరిగ్గా 15 నిమిషాలకి కట్ అయితే కాల్ ఇంకా నడుస్తోందా అని మధ్యలో సరిచూసే సెషన్ టైమర్ చూడండి, 1800 సెకన్ల టైమర్‌ని సగంలో రిఫ్రెష్ చేసేటప్పుడు ఆ మెసేజ్ ఎక్కడో పోతోంది.)

సిప్ ఏఎల్‌జీ అనేది రౌటర్ మనకి సాయం చేద్దామని సిప్ మెసేజ్ విప్పి అందులోని అడ్రస్‌లు తనే దిద్దే ఫీచర్. ఆలోచన మంచిదే, చాలా రౌటర్లలో అమలు మాత్రం దరిద్రం. పీబీఎక్స్ కూడా అదే దిద్దుబాటు చేస్తుంది కాబట్టి రెండూ కలిసి గందరగోళం చేస్తాయి. ఆపేయండి. మైక్రోటిక్‌లో ఐపీ, ఫైర్‌వాల్, సర్వీస్ పోర్ట్స్‌లో సిప్‌ని డిసేబుల్ చేస్తే చాలు. ప్రొవైడర్ ఇచ్చిన బాక్స్‌లో ఆ ఆప్షన్ దాచేసి ఉంటే సిప్‌ని 5060 కాకుండా వేరే పోర్టుకి మార్చి చూడండి, చాలా ఏఎల్‌జీలు 5060నే కనిపెట్టుకుని ఉంటాయి. టీఎల్ఎస్ (మెసేజ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) మీద 5061 వాడితే ఇంకా మంచిది, మెసేజ్ లోపల ఏముందో ఏఎల్‌జీ చదవలేదు కాబట్టి దిద్దనూ లేదు.

పొద్దున బాగుంటుంది, కాసేపు ఖాళీగా ఉంటే ఇన్‌కమింగ్ రాదు, మీరు ఒక కాల్ చేశాక మళ్లీ వస్తుంది అనే ఫిర్యాదుకి విరుగుడు తేలిక. యూడీపీకి కనెక్షన్ అంటూ ఉండదు కాబట్టి కాసేపు ట్రాఫిక్ లేకపోతే రౌటర్ ఆ దారిని మరిచిపోతుంది, లైనక్స్ మీద నడిచే రౌటర్లలో అది 30 సెకన్లు కూడా అవ్వొచ్చు. దారి తెరిచి ఉండేలా అప్పుడప్పుడూ చిన్న ప్యాకెట్ పంపే సెట్టింగ్‌లు ఉంటాయి, ఫోన్‌లో కీప్ అలైవ్‌ని, పీబీఎక్స్‌లో క్వాలిఫై ఫ్రీక్వెన్సీని 25 సెకన్లకి దించండి.

ఇంతా చేశాక ఒక మాట. మీ ట్రంక్ పీబీఎక్స్ నుంచి బయటికి రిజిస్టర్ అయ్యే రకమైతే 5060 ఫార్వర్డ్ చేయాల్సిన అవసరమే తరచూ ఉండదు, లోపలి నుంచి తెరుచుకున్న దారిలోనే ఇన్‌కమింగ్ వచ్చేస్తుంది. ఆ రూల్ ఆపేసి ఒక రోజు చూడండి. తప్పదు అనుకుంటే రూల్‌లో సోర్స్ ఐపీ దగ్గర ప్రొవైడర్ సర్వర్ ఐపీ ఒక్కటే ఇవ్వండి. అందరికీ తెరిచిన 5060కి స్కానర్లు రావడానికి ఎక్కువ సమయం పట్టదు, లాగ్‌లో "ఫ్రెండ్లీ స్కానర్" అనే పేరు కనిపిస్తే అది స్నేహితుడు కాదు, సిప్‌విషస్ అనే టూల్‌తో ఎవరో మీ ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఊహిస్తున్నారు. 101 ఎక్స్‌టెన్షన్‌కి 101 అనే పాస్‌వర్డ్ ఉంటే రాత్రికి రాత్రి ఇంటర్నేషనల్ కాల్స్ చేసుకుని బిల్లు మీ నెత్తిన పెడతారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి పోర్ట్ తెరవకుండా వీపీఎన్ ఇవ్వండి, ట్రంక్‌లో ఐఎస్‌డీ అవసరం లేకపోతే ఆపరేటర్ దగ్గరే ఆపించేయండి.