మందు మానడానికి మాల వేసుకునేవారి ఇంట్లో ముందు జాగ్రత్తలు

కార్తీకం దగ్గరపడుతుంటే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలా ఇండ్లలో ఒక ఆశ మొలుస్తుంది: "ఈసారి అయ్యప్ప మాల వేసుకుంటడు, తాగుడు బందైతది." ఆ ఆశను తప్పుపట్టలేము, ఎందుకంటే 41 రోజుల నియమమూ, గురుస్వామి మాటా, తోటి స్వాముల తోడూ ఎందరికో నిజంగానే ఆసరా అయ్యాయి. అయితే ఏండ్ల తరబడి రోజూ తాగే మనిషి మాల మెడలో పడిన పూటే ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

తాగుడు ఆపిన ఆరేడు గంటల నుంచే చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండె దడదడలాడటం మొదలవుతాయి. 48 గంటల్లోపు మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మరీ కనిపెట్టుకొని ఉండాలి. గోడ మీద లేని పురుగులను చూపించడం, దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకోవడం, కన్నబిడ్డనే గుర్తుపట్టకపోవడం అప్పుడే కనిపిస్తాయి. దీక్షలో ఉన్న మనిషి ఇట్లా ప్రవర్తిస్తే "నియమం తప్పిండు, స్వామికి కోపమొచ్చింది" అనో, "గాలి సోకింది" అనో అనుకొని గంటలు పోగొట్టుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టవద్దు, నోట్లో ఏమీ కుక్కవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

మన జిల్లాల్లో కల్లుతో మరో చిక్కుంది. "మందు కాదు, కల్లే కదా" అని తేలికగా తీసుకుంటారు గానీ, కొన్ని దుకాణాల కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజోఫాం వంటి మత్తుమందులకు అలవాటుపడిన శరీరం అవి హఠాత్తుగా అందకపోతే అంతే తీవ్రంగా ఎదురుతిరుగుతుంది.

అందువల్ల మాలకు కనీసం రెండు వారాల ముందే జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యులను కలిసి, రోజుకు ఎన్ని క్వార్టర్లో, ఎన్ని సీసాల కల్లో, మునుపు ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందో దాచకుండా చెప్పాలి. వారు మందులతో నెమ్మదిగా మాన్పిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు, అవసరమైతే కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచుతారు. మాత్రలు వేసుకుంటే నియమభంగం కాదని గురుస్వామి నోటితోనే చెప్పించడం మంచిది. అదే సందర్భంలో మొదటి వారం ఒంటిపూట భోజనం నుంచి సడలింపు కూడా అడగవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఫోన్ సంగతి. భార్యో కొడుకో ఒక్కసారి "మందు మాన్పించడం ఎట్లా" అని వెతికితే చాలు, "తెలియకుండా కూరలో కలపండి" అనే పొడుల ప్రకటనలు వెంటపడతాయి. మనం వెతికాం కాబట్టి కంప్యూటర్ వాటిని మన ముందుకు తోస్తున్నదే తప్ప, ఆ పొడి పనిచేస్తుందని ఎవరూ పరీక్షించి చూపడం లేదు. చెప్పకుండా ఏదీ కలపవద్దు: తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరం లాంటి మాత్ర ఒంట్లో ఉందని తెలియక తాగితే వాంతులై, బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. మరోవైపు, టీవీలో మద్యం ప్రకటనలపై నిషేధం ఉన్నా అదే పేరుతో సోడా, నీళ్ల సీసాలు మెరుస్తూనే ఉంటాయి. నా మటుకు నాకు ఇది చట్టాన్ని వెక్కిరించడమే అనిపిస్తుంది. గూగుల్ ఖాతా ప్రకటనల సెట్టింగుల్లో మద్యం ప్రకటనలను తగ్గించుకునే వీలుంది. ఆయన ఫోన్‌లో ఆయనే ఆ మార్పు చేసుకునేటట్టు పక్కన కూర్చుని చూపించాలి.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది మాల తీసే రోజు. నెలకు పైగా ముట్టని ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది కనుక, "ఇన్ని రోజులు ఓపిక పట్టినవు, ఒక్క పెగ్గు తీస్కో" అనే దోస్తులకు ముందే చెప్పి ఉంచాలి. శబరిమల నుంచి తిరిగొచ్చిన వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లే తేదీని బయలుదేరకముందే ఖాయం చేసుకోవాలి. ఒకవేళ మళ్లీ తాగితే, నలుగురిలో మాల పేరెత్తి సిగ్గుపరచకుండా ఆ తేదీకే తీసుకెళ్లాలి.