రోహిణి కార్తె రాకముందే: కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో నీళ్ళు, ఉప్పు, పొటాషియం లెక్క

ఏటా మార్చి వచ్చిందంటే టీవీలోనూ వాట్సాప్‌లోనూ ఒకటే పాట. నీళ్ళు బాగా తాగండి, కొబ్బరినీళ్ళు తాగండి, మజ్జిగలో ఉప్పేసుకుని తాగండి. పొలంలో పనిచేసే మనిషికి మంచి మాటలే. మా నాన్నకి మాత్రం పనికిరావు. ఆయన కిడ్నీ జబ్బు నాలుగో స్టేజీలో ఉంది. రెండేళ్ళ కిందట మే నెలలో చూడ్డానికొచ్చిన చుట్టాలు కొబ్బరి బోండాల గెల తెచ్చారు. "వడదెబ్బ తగలకుండా రోజూ రెండు తాగు బావా" అని చెప్పి వెళ్ళారు. నాన్న మూడు రోజులు తాగారు. నాలుగో రోజు పొద్దున మంచం మీంచి లేవబోతే కాళ్ళు సహకరించలేదు. రక్తపరీక్షలో పొటాషియం 6.8 వచ్చింది. ఈసీజీ చూసిన డాక్టరు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న: "ఏం తాగించారు?"

రక్తంలో పొటాషియం సుమారు 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. సోడియం 135 నుంచి 145. మంచి కిడ్నీలు ఎక్కువైంది మూత్రంలో పారబోస్తాయి, తక్కువైతే దాచుకుంటాయి. జబ్బుపడ్డ కిడ్నీకి ఈ రెండు పనులూ సరిగ్గా రావు. అందుకే ఎండాకాలంలో ఒకరు నీళ్ళు చాలక ఆసుపత్రిలో చేరితే, పక్క మంచం మీద ఇంకొకరు నీళ్ళు ఎక్కువై ఆయాసంతో పడుకుంటారు.

ఎవరికెన్ని నీళ్ళు

కిడ్నీ జబ్బు లేకుండా ఎండలో పనిచేసేవాళ్ళు దాహం వేసేదాకా ఆగకూడదు. మూత్రం లేత పసుపులో ఉంటే చాలినన్ని తాగుతున్నట్టు, ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తుంటే చాలనట్టు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్ళకి షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయన్నది ఇంకా తేలలేదు. ఎండకి ఒళ్ళు పదేపదే ఎండిపోవడం కూడా ఒక కారణం కావచ్చని పరిశోధకుల అనుమానం. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు రోజుకి రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి.

కిడ్నీ జబ్బు ఉండి డయాలసిస్ దాకా రానివాళ్ళ సంగతి వేరు. కాళ్ళ వాపు, ఆయాసం, గుండె జబ్బు లేకపోతే వాళ్ళలో చాలామందికి నీళ్ళు తగ్గించాల్సిన అవసరం ఉండదు. 'కిడ్నీ పేషెంటు కదా' అని భయపడి రెండు గ్లాసులతో సరిపెట్టుకునేవాళ్ళున్నారు. ఎండాకాలంలో అలా చేస్తే క్రియాటినిన్ (కిడ్నీ ఎంత దెబ్బతిందో చూపే రక్తపరీక్ష అంకె) ఇంకా పెరుగుతుంది. "నేను రోజుకి ఎన్ని లీటర్లు తాగొచ్చు?" అని డాక్టర్ని సూటిగా అడిగి, ఆ అంకె రాయించుకోండి.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి మామూలుగా చెప్పే లెక్క: నిన్న వచ్చిన మూత్రం ఎంతో అంత, దానికి ఇంకో అర లీటరు. అందులోనే టీ, చారు, మజ్జిగ, అంబలి, ఐసుముక్కలు అన్నీ కలుస్తాయి. పుచ్చకాయ కూడా నీళ్ళ కిందే లెక్క. ఒక చిట్కా బాగా పనిచేస్తుంది. పొద్దున్నే ఆ రోజు కోటా ఒక సీసాలో నింపి పెట్టుకోండి. టీ తాగితే టీ అంత నీళ్ళు సీసాలోంచి మొక్కల్లో పోసేయండి. మిగిలిందెంతో కళ్ళకి కనిపిస్తుంటుంది. దాహం ఆగకపోతే నోరు పుక్కిలించి ఊసేయడం, చిన్న నిమ్మముక్క చప్పరించడం కొంత నయం. అసలు దాహం పుట్టించేది ఉప్పు. ఉప్పు తగ్గించకుండా నీళ్ళు తగ్గించమనడం అయ్యే పని కాదు.

బరువు చూసే మిషన్ ఒకటి ఇంట్లో ఉండాలి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కి ముందు, అదే మిషన్ మీద. లీటరు నీళ్ళంటే కిలో బరువు. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరే. రెండు కిలోలు తగ్గి, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతుంటే ఒళ్ళు ఎండిపోతోందని అర్థం. రెండిట్లో ఏదైనా అదే రోజు ఫోన్ చేయాల్సిన విషయమే.

పొటాషియం

పొటాషియంతో చిక్కేమిటంటే చాలాసార్లు ముందుగా ఏమీ తెలియదు. కాళ్ళలో నీరసం, గుండె దడ, కొట్టుకోవడంలో తేడా వచ్చేసరికి అంకె బాగా ఎక్కి ఉంటుంది. అందుకే ఉగాది లోపల ఒకసారి, మేలో ఒకసారి రక్తపరీక్ష చేయిస్తాం: క్రియాటినిన్, సోడియం, పొటాషియం, బైకార్బొనేట్. సూదితో తీసిన రక్తంలో కణాలు చిట్లితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అయినా 'ల్యాబు తప్పేలే' అని వదిలేయకండి, వెంటనే మళ్ళీ చేయించండి.

ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అరటి, సపోటా, బత్తాయి రసం, ఎండు ఖర్జూరం, టమాటా, బంగాళాదుంప, ఆకుకూరలు కూడా ఈ కోవలోవే. మామిడిపండు సీజన్లో ఒక చిన్న ముక్కతో ఆగగలిగేవాళ్ళు మనలో ఎంతమంది? పొటాషియం ఎక్కువుందని పరీక్షలో తేలినవాళ్ళు కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండుకుంటే కొంత పోతుంది. బీపీకి మంచిదని అమ్మే 'లో సోడియం' ఉప్పులో సోడియం బదులు ఉండేది పొటాషియం క్లోరైడే. కిడ్నీ జబ్బు ఇంట్లోకి ఆ ప్యాకెట్ రానివ్వొద్దు. స్టార్‌ఫ్రూట్ అసలు ముట్టకూడదు, దానిలోని విషం మెదడు మీద పనిచేస్తుంది.

పొటాషియం బాగా ఎక్కి ఆసుపత్రికి వెళ్తే ముందు గుండెని కాపాడ్డానికి కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్, ఒక్కోసారి నెబ్యులైజర్. ఇవి పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి తోస్తాయి, అంతే. కొన్ని గంటల్లో అది మళ్ళీ బయటికొస్తుంది. ఒంట్లోంచి పోవాలంటే మూత్రం వచ్చే మందో, పొటాషియాన్ని పట్టుకుని విరేచనంలో తీసుకెళ్ళే పొడో, డయాలసిసో కావాలి. గంటలో తేరుకున్నారు కదా అని ఇంటికి పంపేయమని డాక్టర్ని సతాయించకండి. ఆ పని మేం చేశాం.

ఉప్పు, ఆవకాయ

రోజుకి 5 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాడు, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పేదే. ఆవకాయ కలిపే నెలలో అది కష్టం. మా ఇంట్లో కొత్తావకాయ రోజున నాన్నకి ఒక్క ముద్ద. ఆ పూట కూరలో, మజ్జిగలో ఉప్పు ఉండదు. ఇది డాక్టరు చెప్పింది కాదు, మా ఇంటి రాజీ.

దీనికి ఎదురు సమస్య సోడియం పడిపోవడం. బీపీకి నీళ్ళ బిళ్ళ (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేది) వేసుకునే పెద్దవాళ్ళలో, వట్టి నీళ్ళే ఎక్కువగా తాగేవాళ్ళలో కనిపిస్తుంది. మనిషి మత్తుగా ఉంటారు, అడిగిందే అడుగుతారు, నడకలో తూలుతారు, ముదిరితే ఫిట్స్ వస్తాయి. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం. ఇంట్లో ఉప్పునీళ్ళు పట్టించడం దీనికి వైద్యం కాదు. ఒకరికి సెలైన్ కావాలి, ఇంకొకరికి నీళ్ళు తగ్గించడమే మందు. సోడియాన్ని రోజుకి ఎనిమిది, పది పాయింట్ల కన్నా వేగంగా పెంచితే మెదడు దెబ్బతినొచ్చు. అందుకే మూడు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచుతారు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు

ఎండాకాలంలో కిడ్నీకి పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడే. ఒళ్ళు ఎండిపోతున్నప్పుడు మామూలుగా మంచి చేసే మందులే చెడు చేయొచ్చు: టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ బిళ్ళలు, మూత్రం ఎక్కువ తెప్పించే ఫ్యూరోసెమైడ్, స్పైరనోలాక్టోన్, షుగరుకి వేసే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్. ఏవి ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలి అన్నది ఒంట్లో బాగున్నప్పుడే డాక్టర్ని అడిగి ఉంచుకోండి. సాధారణంగా తిండి, నీళ్ళు మామూలైన ఒకటి రెండు రోజులకి మళ్ళీ మొదలుపెడతారు. ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రం ఎప్పుడూ వద్దు.

ఓఆర్ఎస్ పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. టెట్రాప్యాకుల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, అలాంటి వాటి మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబర్లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశాలిచ్చింది. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపాలి. ఓఆర్ఎస్‌లో కూడా సోడియం, పొటాషియం ఉంటాయి కాబట్టి డయాలసిస్ పేషెంట్లు డాక్టర్ని అడక్కుండా తాగకూడదు.

డయాలసిస్‌లో లేనివాళ్ళకి మూత్రం రోజంతా కలిపి రెండు గ్లాసులు కూడా రాకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. పడుకుంటే ఊపిరాడకపోయినా, ఉన్నట్టుండి కాళ్ళు పట్టు తప్పినా, మాట తడబడినా, గుండె లయ తప్పినట్టనిపించినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. డయాలసిస్ ఒక విడత తప్పిపోయి ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

మా ఇంట్లో ఒక కాగితం మీద నాన్న మందుల పేర్లు, రోజుకి ఎన్ని నీళ్ళు, మామూలుగా ఉండే బరువు, చివరి పొటాషియం, క్రియాటినిన్ అంకెలు, తేదీలు రాసి పెట్టాం. అడుగున పెద్దక్షరాలతో 'కొబ్బరి బోండాలు తేవద్దు'. వచ్చిన చుట్టాలు చల్లటి నీళ్ళకి ముందు ఫ్రిజ్ దగ్గరికే వెళ్తారు కాబట్టి దాని తలుపు మీదే అంటించాం.